పడిపోయిన ట్యాబే దొంగ కాదు

ఈ పేజీ చదివేవాళ్లకు తెలుసు, నేను రాస్తే పచ్చిగడ్డి కోతల గురించి రాస్త, లేకుంటే మూసీ నీళ్ల గురించో పాల రేట్ల గురించో రాస్త. ఇయ్యాల కంప్యూటర్ గురించి రాస్తున్న. పొలం చేసేటోనికి బ్రౌజర్‌తో ఏం పని అనకండి. మీ పట్టా నకలు, పీఎం కిసాన్ ఈ-కేవైసీ, పిల్లల స్కాలర్‌షిప్పు, అమ్మ పింఛను, అన్నీ ఇప్పుడు ఆ ఒక్క కిటికీలోంచే రావాలె. ఆ కిటికీ పని నడిమిట్ల ఉన్నప్పుడు మూసుకుపోతే ఏమైతదో పోయిన నెల దగ్గరుండి చూసిన. నాకు ఈ పని కొత్త కాదు. వ్యవసాయంలోకి తిరిగి రాకముందు తొమ్మిదేండ్లు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే నౌకరీ చేసిన.

మా చెల్లె బిడ్డ అంబర్‌పేట్‌లో చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతది. ఒక టేబుల్, ప్రింటర్, వేలిముద్ర మెషిన్, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, అంతే దుకాణం. గోల్నాక, రామంతాపూర్ నుంచి వచ్చే ముసలోళ్లు, ఉప్పల్ దాటి పీర్జాదిగూడ, పర్వతాపూర్ దిక్కు మూసీ ఒడ్డున పారా గడ్డి పెంచే మావాళ్లు, చాలామంది ఆమె దగ్గరికే పోతరు. ఎందుకంటే ఆ పిల్ల విసుక్కోదు. ఫారం చదివి వినిపించి, అర్థమైందా పెద్దయ్యా అని అడిగి నింపుతది.

రెండు నెలల సంది ఆ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ పడిపోతున్నది. పొద్దున బాగనే ఉంటది. మధ్యాహ్నానికి మెల్లగైతది. నాలుగు దాటితే ఇగ దేవుడే దిక్కు. ఒక రోజు మా దిక్కు నుంచే ఒక పెద్దాయన వచ్చి, ఏదో దరఖాస్తుకు 1,250 రూపాయలు కట్టాలె అన్నడు. ఆమె నింపింది, ఆయన ఫోన్‌కు ఓటీపీ వచ్చింది, కొట్టింది. పైసలు కట్ అయినట్టు ఆయన ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఇటు స్క్రీన్ మీద మాత్రం పేజీ ఖాళీ. రసీదు లేదు, నంబరు లేదు. పెద్దాయన ఒక్క మాట అనలేదు. దుకాణం మూసేదాకా బెంచీ మీద కూసొని పోయిండు. మర్నాడు ఆయన కొడుకు వచ్చిండు. ఆ తర్వాత గల్లీలో మాట పుట్టింది: ఆ పిల్ల దగ్గర పైసలు గాయబ్ అయితున్నయంట.

రిపేర్ షాపులో చూపిస్తే, మెషిన్ ముసలిదైంది, 38 వేలు పెట్టి కొత్తది తీసుకోమన్నరు. ఆమె చిట్టీ పాట పాడి డబ్బు ఎత్తుదామని చూస్తున్నది. నాకు ఫోన్ చేసింది అందుకే, మామా ఎంత లాస్‌కు పాడొచ్చు అని అడగడానికి. నేను ఆగు అని చెప్పి, ఆదివారం కాకుండా మామూలు పనిదినం చూసుకొని పోయిన. ఇది ముఖ్యం. రోగం పనిలో ఉన్నప్పుడు కనబడతది, సెలవు రోజు ఎన్ని పరీక్షలు చేసినా దొరకదు.

ముందు ఒక మాట సాఫ్ చేసుకుందాం. ర్యామ్ అంటే కళ్లం, హార్డ్ డిస్క్ అంటే గోదాం. గోదాంలో ఎన్ని బస్తాలైనా పెట్టుకోవచ్చు, కానీ నూర్చాలన్నా తూర్పార పట్టాలన్నా కళ్లం మీదికి తేవాల్సిందే. మీరు తెరిచిన ప్రతి పేజీ కళ్లం మీద జాగా తీసుకుంటది. ఆ ల్యాప్‌టాప్ కళ్లం 4 జీబీ. అందులో కొంత గ్రాఫిక్స్‌కు పోతది, విండోస్ తన వంతు తీసుకుంటది. మిగిలిన దాంట్లోనే బ్రౌజర్ బతకాలె.

మరి బ్రౌజర్ అంత తినుడెందుకు అంటే, దానికో కథ ఉంది. ఒకప్పటి బ్రౌజర్లలో మామూలుగా అన్ని పేజీలూ ఒకే ప్రాసెస్‌లో నడిచేవి, గట్లు లేని పెద్ద మడి లెక్క. ఒక మూల గండి పడితే మొత్తం నీళ్లు పోయేవి. ఒక్క పేజీ ఆగితే బ్రౌజరే మూసుకుపోయేది. 2008 సెప్టెంబర్‌లో గూగుల్ క్రోమ్ వచ్చినప్పుడు, ట్యాబులను వేరు వేరు ప్రాసెస్‌లలో పెట్టే పద్ధతి తెచ్చింది. ఆ సంగతి జనానికి చెప్పడానికి స్కాట్ మెక్‌క్లౌడ్ అనే కార్టూనిస్టుతో ఏకంగా ఒక బొమ్మల పుస్తకమే గీయించిన్రు. ఫైర్‌ఫాక్స్ 2016 ఆగస్టులో వచ్చిన 48వ వెర్షన్‌తో ఆ దారి పట్టింది. అంటే మడికి గట్లు పోసిన్రు. ఒక మడి తెగితే పక్క మడి నిలుస్తది. కానీ గట్టు కింద కూడా భూమి పోతది కదా. ఎకరంలో ఎన్ని గట్లు పోస్తే అంత సాగు జాగా తగ్గుతది. బ్రౌజర్ తినే మెమరీలో ఒక భాగం ఈ గట్ల ఖర్చు.

2018 జనవరిలో స్పెక్టర్ అని ఒక లోపం బయటపడింది. అది ప్రాసెసర్లలోనే ఉన్న లోపం. ఒక చెడ్డ సైటు, అదే ప్రాసెస్‌లో ఉన్న ఇంకో సైటు రహస్యాలను దొంగచాటుగా చదివే వీలుందని తేలింది. మీ బ్యాంకు పేజీ ఒక మడిలో, ఏదో సినిమా సైటు అదే మడిలో ఉంటే ఏమైతదో ఊహించుకోండి. దాంతో క్రోమ్ 67వ వెర్షన్ నుంచి కంప్యూటర్లలో సైటుకో ప్రాసెస్ అని గట్లు ఇంకా గట్టిగ పోసిన్రు. దానికి మెమరీ వాడకం 10 నుంచి 13 శాతం దాకా పెరుగుతుందని గూగుల్ వాళ్లే చెప్పిన్రు. కాబట్టి ఎవరైనా యూట్యూబ్‌లో, ఫలానా సెట్టింగ్ బంద్ చెయ్, మెమరీ మిగుల్తది అని ఈ గట్లు తీసేయమంటే వినకండి. డబ్బు కట్టే మెషిన్‌లో అసలే వద్దు.

ఇగ ఆ రోజు సంగతి. పొద్దున పది గంటలకు దుకాణం తెరవంగనే నేను ఏమీ ముట్టలేదు. బ్రౌజర్ తెరిచి షిఫ్ట్ పట్టుకొని ఎస్కేప్ కొట్టిన. క్రోమ్‌లోనూ, ఎడ్జ్‌లోనూ దానికి సొంత టాస్క్ మేనేజర్ ఉంటది, చాలామందికి తెల్వదు. విండోస్ టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్ పేరు ఒక్కటే పెద్దగా కనిపించి భయపెడుతది. ఇక్కడైతే ఏ ట్యాబు ఎంత, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత అని విడివిడిగా చూపిస్తది. మెమరీ అనే గడి మీద నొక్కితే ఎక్కువ తినేది పైకి వస్తది. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు మెనూలో మోర్ టూల్స్ కింద టాస్క్ మేనేజర్ చూడండి.

ఒక కాగితం తీసుకొని రాసిన. పదింటికి, పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి. పశువుకు జ్వరమొస్తే పూటకోసారి చూసి రాసుకుంటం కదా, అట్లనే. ఒక్కసారి చూస్తే ఎవరు ఎక్కువ తింటున్నరో తెలుస్తది. నాలుగుసార్లు చూస్తే ఎవరు పెరుగుతున్నరో తెలుస్తది. మనకు కావాల్సింది ఆ రెండోది. పదింటికి పెద్ద ట్యాబులు 200, 300 ఎంబీ దగ్గరున్నయి, అది మామూలే. పీడీఎఫ్ సైజు తగ్గించే ఒక ఫ్రీ ఎక్స్‌టెన్షన్ 70 ఎంబీతో అడుగున పడి ఉన్నది. పన్నెండింటికి 310. రెండింటికి 640. నాలుగింటికి 1,100. ఒక్కో ఫైలు తగ్గించినప్పుడల్లా పెరుగుతున్నది, ఫైలు అయిపోయినా దిగుతలేదు.

దీన్నే మెమరీ లీక్ అంటరు. లీక్ అనంగనే పైపు కారినట్టు అనుకుంటం, కానీ మీకు తెలిసిన లెక్కలో చెప్తే గోనె సంచుల బాకీ. పక్కాయన వడ్లు నింపుకుంటనని మీ సంచులు తీసుకపోయిండు. పని అయిపోయింది. సంచులు మాత్రం తిరిగియ్యడు. రేపు మళ్లీ పది అడుగుతడు. మీ ఇంట్ల సంచులు లెక్కకు ఉన్నయి, చేతికి లేవు.

ఇది కొత్త రోగం కూడా కాదు. ఫైర్‌ఫాక్స్ బాగా మెమరీ తింటున్నదని పేరు పడ్డ రోజుల్లో, 2011లో మొజిల్లాలో నికొలస్ నెథర్‌కోట్ అనే ఇంజినీరు ముందుండి మెమ్‌ష్రింక్ అని ఒక పని మొదలుపెట్టిన్రు. బ్రౌజర్‌లో వాళ్ల లోపాలు వాళ్లు సరిచేసుకుంట పోయిన్రు. అయినా ఫిర్యాదులు ఆగలేదు. చూస్తే, మూసేసిన పేజీలను కూడా యాడ్-ఆన్‌లు వదలకుండ పట్టుకొని ఉంటున్నయని దొరికింది. 2012 ఆగస్టులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 15లో, పేజీ మూస్తే యాడ్-ఆన్ పట్టు దానంతటదే ఊడేటట్టు చేసి చాలావరకు ఆ బాధ తీర్చిన్రు. అప్పటి సంది నాకు అలవాటు, బ్రౌజర్ పడిపోతుందంటే ముందు ఎక్స్‌టెన్షన్ల వరుస చూస్త.

మా కోడలు పిల్లకు ఇక్కడ అనుమానం వచ్చింది. "మామా, పీడీఎఫ్ దాంట్ల తప్పుంటే అదే పడిపోవాలె గదా? పైసలు కట్టే పేజీ ఎందుకు పడుతున్నది?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఎక్కువ తిన్నదే పడిపోవాలని రూలేం లేదు. జాగా అయిపోయిన క్షణంలో కొత్తగా ఎవరు అడుగుతరో వాళ్లు పడిపోతరు. ఫీజు కట్టే పేజీ బ్యాంకు పేజీకి పోతది, అక్కడ కొత్త గడులు తెరుస్తది, కొత్త జాగా అడుగుతది. లేదు అనంగనే అక్కడికక్కడ కూలుతది. తిన్నది మాత్రం చప్పుడు చేయకుండ పక్కనే కూసొని ఉంటది. అందుకే ఇన్ని రోజులు ఆమె ఆ ఫీజుల సైటునే తిట్టుకున్నది.

ఎక్స్‌టెన్షనే అని గట్టి చేసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి ఒక పూట అందులోనే పని చేయండి. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అందులో నడవవు. అక్కడ బాగుండి ఇక్కడ పడిపోతే సగం కేసు తేలినట్టే. ఆ తర్వాత ఒక్కొక్కటే ఆపుకుంట పోవాలె. ఆమె దాంట్లో పదకొండు ఎక్స్‌టెన్షన్లున్నయి. కూపన్లు వెతికేది, వాతావరణం చెప్పేది, స్క్రీన్‌కు రంగులేసేది. సగం ఎప్పుడు ఎక్కినయో ఆమెకే తెల్వదు, పాత ఓనర్ అకౌంటు నుంచి వచ్చినట్టున్నయి. రెండు ఉంచి తొమ్మిది తీసేసినం. పీడీఎఫ్ తగ్గించుడు ఇప్పుడు బ్రౌజర్ బయట, విడి ప్రోగ్రామ్‌తో చేస్తున్నది. ఆధార్ కాపీలు, పాస్‌బుక్ కాపీలు తెలియని ఎక్స్‌టెన్షన్‌లోంచి పోవుడు ఎట్లాగూ మంచిది కాదు.

ఇంతటితో అయిపోలేదు. నాకు ఇంకో లెక్క కుదరలేదు. ర్యామ్ నిండితే మెషిన్ మెల్లగ కావాలె, వెంటనే పడిపోవద్దు. ఎందుకో చెప్త.

అంబర్‌పేట్ వాళ్లకు ఇది చెప్పుడు సులువు. ఇంతకుముందు మూసీకి వరదొస్తే మూసారాంబాగ్ వంతెన మీద రాకపోకలు బంద్ చేసేటోళ్లు. బండ్లన్నీ గోల్నాక వంతెన మీదుగా తిరిగి పోవాల్సి వచ్చేది. ఆలస్యమయ్యేది, తిట్టుకునేటోళ్లం, కానీ చేరేటోళ్లం. విండోస్ కూడా అంతే. ర్యామ్ నిండినప్పుడు, ఇప్పుడు అవసరం లేని వాటిని డిస్క్ మీద పేజ్ ఫైల్ అనే జాగాలోకి నెడుతది. అది చుట్టుదారి. మెల్లగ ఉంటది గానీ ఎవ్వరూ పడిపోరు. మరి గోల్నాక దారి కూడా మూసుకుపోతే?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి కొట్టి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే, కింద కమిటెడ్ అని ఒక గడి ఉంటది. అందులో రెండు అంకెలు. మొదటిది అందరూ కలిసి అడిగి తీసుకున్నది, రెండోది ర్యామ్, పేజ్ ఫైల్ రెండూ కలిపితే వచ్చే హద్దు. నాలుగింటికి అక్కడ 5.6, 5.8 అని ఉన్నది. హద్దుకు బెత్తెడు దూరం. మామూలుగా పేజ్ ఫైల్ అవసరాన్ని బట్టి పెరుగుతది, హద్దు జరుగుతది. ఇక్కడ జరుగుతలేదు. సీ డ్రైవ్ చూస్తే ఒక్క జీబీ కూడా ఖాళీ లేదు. స్కాన్ కాపీలు, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు, డౌన్‌లోడ్స్‌లో ఒకే ఫారం ఇరవై సార్లు. చుట్టుదారి మొత్తం మట్టి పోసి మూసినట్టు. అందుకే మెల్లగయ్యే వంతు దాటి నేరుగ పడిపోతున్నది.

కస్టమర్ల పాత కాపీలను వాళ్ల ముందే తీసేయుడు మొదలుపెట్టించిన. అవి జాగా తినుడే కాదు, పరాయి మనుషుల ఆధార్లు మన దగ్గర ఉంచుకోవుడే తప్పు. పాతిక జీబీ ఖాళీ అయ్యింది. పేజ్ ఫైల్‌ను విండోస్‌నే చూసుకోమని వదిలేసినం. స్పీడు పెరుగుతదని దాన్ని మొత్తానికే బంద్ చేయమని సలహా ఇచ్చేటోళ్లు ఉన్నరు. 4 జీబీ మెషిన్‌కు అది ప్రాణం మీదికి తెచ్చే సలహా.

ఈ రెండు పనులకు ఒక్క పైసా కాలేదు. అయినా 4 జీబీ అనేది ఈ రోజుల్లో ఇరుకు కళ్లమే, అబద్ధమెందుకు. కాబట్టి సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి 8 జీబీ స్టిక్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చినం. పదిహేను వందలైంది. పోయేముందు మీ ల్యాప్‌టాప్‌లో ఖాళీ స్లాటు ఉందో లేదో, అది డీడీఆర్3 నా డీడీఆర్4 నా అని చూసుకొని పోండి. ఒకటి ఇంకోదాంట్లో ఎక్కదు. కొన్ని సన్న ల్యాప్‌టాపుల్లో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటది, వాటికి ఏమీ చేయలేం. స్టిక్ పెట్టినంక విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని వెతికి ఒకసారి నడపండి. స్టిక్కే చెడ్డదైతే మళ్లీ ఇవే పడిపోవుడులు, ఈసారి ఏ లెక్కా లేకుండా ఎప్పుడంటే అప్పుడు వస్తయి.

ఇంకో సంగతి. సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ సేవర్ ఉంటది, క్రోమ్‌లో 2022 చివర వచ్చింది. వాడకుండ పక్కన పెట్టిన ట్యాబులను పడుకోబెడుతది, మళ్లీ నొక్కితే పేజీని కొత్తగా తెస్తది. మంచిదే, పెట్టుకోండి. సగం నింపిన ఫారం ఉన్న ట్యాబులను అది మామూలుగా ముట్టదు. అయినా మీరు రోజూ ఫారాలు నింపే సైటు పేరును, ఎప్పుడూ యాక్టివ్‌గా ఉంచాలనే జాబితాలో రాసిపెట్టుకోండి. మీ మెషిన్ ఇంకా విండోస్ 7 మీద ఉంటే క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయి ఉంటది, 2023 నుంచి దానికి కొత్తవి వస్తలేవు. దాంతో బ్యాంకు పనులు పెట్టుకోకండి.

మీలో చాలామందికి కంప్యూటర్ లేదు, ఫోనే అన్నీ. ఫోన్‌లో ఇదే బాధ వేరే వేషంలో వస్తది. ఫారం నింపుతరు, ఓటీపీ వస్తది, మెసేజ్ యాప్ తెరిచి చూసి తిరిగి వచ్చేసరికి ఫారం మొదటికొచ్చి ఉంటది. నెట్ పోయిందనుకుంటరు. 2, 3 జీబీ ఫోన్లలో, ముందున్న యాప్‌కు జాగా చాలకపోతే ఆండ్రాయిడ్ వెనకనున్న యాప్‌ను ఆపేస్తది. మీరు మెసేజ్ తెరవంగనే బ్రౌజర్ వెనక్కి పోయింది, బలైపోయింది. ఓటీపీ వచ్చినప్పుడు బ్రౌజర్ వదలకండి. పైనుంచి వేలితో నోటిఫికేషన్ కిందికి గుంజి, అంకెలు అక్కడే చదివి, మళ్లీ పైకి నెట్టి కొట్టండి. ఫారం మొదలుపెట్టే ముందు మిగతా యాప్‌లన్నీ మూసేయండి. ఫొటో సైజు తగ్గించుడు ముందే చేసి పెట్టుకోండి, నడిమిట్ల చేయకండి.

పైసలు కట్ అయ్యి రసీదు రాకపోతే వెంటనే రెండోసారి కట్టకండి. బ్యాంకు మెసేజ్‌లో ఉన్న రిఫరెన్స్ నంబరు కాగితం మీద రాసుకోండి, టైముతో సహా. ఆ సైటులోనే పేమెంట్ స్టేటస్ చూసే జాగా సాధారణంగా ఉంటది, ముందు అక్కడ చూడండి. మా పెద్దాయనకు అదే చేసినం. ఫీజు అటు చేరలేదని స్టేటస్‌లో తెలిసింది. ఆరో రోజున 1,250 ఆయన ఖాతాలో తిరిగి పడ్డయి. ఆయన స్వయంగా అంబర్‌పేట్ వచ్చి, మళ్లీ ఆమె దగ్గరే దరఖాస్తు చేయించుకున్నడు. ఆ రోజు బెంచీ మీద ఇంకో నలుగురున్నరు, అందరూ చూసిన్రు. గల్లీలో మాట పూర్తిగ పోయిందా అంటే పోలేదు, కానీ తగ్గింది. చిట్టీ మాత్రం ఆమె ఇంకా ఎత్తలేదు.

పోయిన వారం నాలుగింటికి నాకు ఫొటో పంపింది. కమిటెడ్ గడిలో 6.1, రెండో అంకె 15.8.

మీకు ఇట్లాంటి బాధ ఉంటే కింద రాయండి, తెలిసినంత చెప్త. ఊరికే స్లో అయితుంది అన్నా అని రాస్తే మాత్రం నాకేం అర్థం కాదు. ర్యామ్ ఎంత, సీ డ్రైవ్‌లో ఖాళీ ఎంత, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి షిఫ్ట్, ఎస్కేప్ కొట్టినప్పుడు పైన మూడు పేర్లు ఏమున్నయి, ఇవి రాయండి. స్క్రీన్ ఫొటో పెడితే అందులో ఎవరి ఆధార్ నంబరూ, ఖాతా నంబరూ కనబడకుండ చూసుకోండి. రేపు కోత ఉంది, జవాబులు ఎల్లుండి రాస్త.